ఆకాశంలో అక్కాచెల్లెళ్ళు

ఆకాశంలో రోడ్లున్నాయంటే గీతలాయన బావమరిది నమ్మలేదు. రోడ్లే కాదు, మలుపులున్నాయి, కూడళ్ళున్నాయి, ఒక్కో కూడలికి ఒక్కో పేరుంది, మన చుట్టుపక్కల ఆకాశానికి ఆ పేర్లు పెట్టేది నేనే అని చెప్పేసరికి, తింటున్నవాడల్లా చెయ్యి ఆపి అక్క వైపు జాలిగా చూశాడు.

"నిజమేరా," అంది ఆవిడ. "పొద్దున్నే స్నానాలగది దగ్గర నించో, వినపడతాయి. అర్థంపర్థం లేని మాటలు ఒకటే గొణుగుడు. నేనూ మొదట్లో భయపడ్డాను. తర్వాత తెలిసింది, దానికే జీతమిస్తారని."

విమానాశ్రయంలో కంట్రోల్ భవనం ఉంది. దాని పై అంతస్తులో రాడార్ గది, కింది అంతస్తులో పటాల విభాగం. విమానాలు నడవాల్సిన దారులను కాగితం మీద గీసేవాడు కనుక మనవాడిని భవనమంతా గీతలాయన అనేది. గీత ఎక్కడ మలుపు తిరిగితే అక్కడ ఒక చుక్క, ఆ చుక్కకొక పేరు. పేరులో అయిదే ఇంగ్లీషు అక్షరాలుండాలి. ఏ దేశపు పైలట్ నోటికైనా ఒక్క ఊపున పలకాలి. అర్థం ఉండనక్కర్లేదు, లేకపోతేనే మంచిది. పేరు ఇంతకుముందు ఎవరైనా వాడుకున్నారా అని పై ఆఫీసు చూస్తుంది. దగ్గర్లో ఉన్న ఇంకో పేరులా వినపడుతుందా అన్నది మాత్రం చూడాల్సింది వీళ్ళే.

అర్థం లేని మాటలు పుట్టించడం అనుకున్నంత తేలిక కాదు. ఒకటి రెండు వారాలకే ఊట ఎండిపోతుంది. అందుకే ఆ కుర్చీలో కూర్చున్న వాళ్ళందరూ ఎప్పుడో ఒకప్పుడు ఇంట్లోంచి పేరు తెచ్చుకున్నవాళ్ళే. గీతలాయన కంటే ముందున్నాయన ఒక చుక్కకు తన కుక్క పేరు పెట్టాడు. అంతకు ముందాయన, ఏడాది పొడుగునా మబ్బులు కొట్టుకుని ఉరిమే చోటు చూసి మరీ అత్తగారి ముద్దుపేరు పెట్టుకున్నాడట. ఆవిడ పుణ్యాన ఆ చుక్క మీదుగా వెళ్ళే ప్రతి విమానమూ బెల్టులు బిగించుకునే వెళ్ళేది.

పేరు పుట్టాక దానికి చెవిపరీక్ష. పాత టెలిఫోన్ రిసీవర్ ఒకటి గీతలాయన బల్ల మీద, దాని జోడు గోడకవతల గదిలో. మధ్యలో ఒక పెట్టె, వానలో రేడియోలా గరగరలాడుతూ ఉంటుంది. ఇటువైపు నుంచి కొత్త పేరునూ, దాని చుట్టుపక్కల పేర్లనూ కలగలిపి చదవాలి. అటువైపు మనిషి విన్నది విన్నట్టు రాసుకోవాలి. తప్పు రాస్తే పేరు చెత్తబుట్టలోకి. తప్పు రాయకపోయినా, "ఏంటీ?" అని ఒక్కసారి అడిగినా చెత్తబుట్టలోకే. గాలిలో ఉన్నవాడికి అడిగే తీరిక ఉండదు కనుక, అడిగావంటే ఆ పేరు ఓడిపోయినట్టే.

అటువైపు కూర్చునేది రేడియో బాబాయి. జీవితమంతా రేడియో ఆపరేటరుగా పనిచేసి రిటైరైనా, ఆ చెవుల కోసం మళ్ళీ పిలిచి కూర్చోబెట్టారు. వరండా చివర చెప్పుల చప్పుడు విని వచ్చేది ఎవరో, వాళ్ళ జీతంలో కోత పడిందో లేదో కూడా చెప్పేవాడని ప్రతీతి.

గీతలాయనకు ఇద్దరు ఆడపిల్లలు. బళ్ళో వాళ్ళకు పొడుగాటి పేర్లున్నాయి గానీ అవి బళ్ళోనే ఉంటాయి. పెద్దది పుట్టగానే తాతగారు పింకు అన్నాడు. రెండోది పుట్టగానే, పక్కన కుదరాలి కదా అని, ఎవరూ ఆలోచించకుండానే టింకు అయిపోయింది. అక్క పేరుకి చెల్లి పేరు అతికినట్టుండడం మన ఇళ్ళలో కొత్తేం కాదు. దాని ఫలితమూ కొత్త కాదు. వంటింట్లో కుక్కర్ కూస్తుండగా తల్లి ఒకర్ని పిలుస్తుంది. ఇద్దరూ రారు, లేదా ఇద్దరూ వస్తారు. కొన్నాళ్ళకి పిల్లలే ఒక ఉపాయం కనిపెట్టారు. పిలుపు వినగానే గదిలోంచి అరుస్తారు, "పెద్దదా, చిన్నదా?" అని. "చిన్నది," అంటుంది తల్లి. చిన్నది వస్తుంది. ఆ కేక ఆ ఇంటికి ఎంత అలవాటైపోయిందంటే, ఇంటికొచ్చిన రేడియో బాబాయి కూడా పిల్లలకి బిస్కెట్ పొట్లం చాపుతూ అదే అనేవాడు, "పెద్దదా, చిన్నదా?"

ఒకసారి దక్షిణం నుంచి వచ్చే దారిలో ఒక చుక్కకి పేరు కావలసి వచ్చింది. ఆ వారం గీతలాయన బుర్ర ఎండిపోయి ఉంది. పింకు అని రాశాడు. సరిగ్గా అయిదక్షరాలు. చుట్టుపక్కల ఆ పోలికున్న పేరేదీ లేదు. చెవిపరీక్షలో బాబాయి తడుముకోకుండా రాశాడు. అంతవరకూ ఎవరికీ వంక పెట్టడానికి లేదు.

తప్పంతా ఇంటికొచ్చి చెప్పడంలో ఉంది.

పెద్దది ఆ రోజు నుంచి నేల మీద నడవలేదు. తలెత్తి ఏ విమానం కనిపించినా, "అది నా మీదుగానే వెళ్తోంది," అనేది. బళ్ళో చెప్పింది, మెట్ల మీద చెప్పింది, పాలవాడికి చెప్పింది. చిన్నది మొదటిరోజు ఊరుకుంది, రెండో రోజు అన్నం మానేసింది, మూడో రోజు నుంచి తండ్రితో మాట్లాడడం మానేసింది. అన్నం మానేసినా పాలు దొంగతనంగా తాగుతోందని తల్లి కనిపెట్టింది కనుక ఆ సంగతి అంత భయపెట్టలేదు. మాట్లాడకపోవడమే ఆయన్ని కుంగదీసింది.

చివరికి ఒక సాయంత్రం బాల్కనీలో వచ్చి పక్కన నించుంది.

"నాన్నా, నేను ఆకాశంలో లేనా?"

"ఇంకో చుక్క వచ్చినప్పుడు పెడతానమ్మా."

"అక్క పక్కనే పెట్టు. అక్కడ చీకటిగా ఉంటుంది, ఒక్కదాన్నీ ఉండలేను."

అంత మాట అన్నాక ఏ తండ్రి మాత్రం నియమాల పుస్తకం తీస్తాడు. గీతలాయన తీయలేదు. ఆ నియమం ఆయనకు నోటికి వచ్చు, వేరేవాళ్ళు తెచ్చిన పేర్లను ఆ నియమం చెప్పే ఎన్నోసార్లు వెనక్కి కొట్టాడు. రెండు పేర్లు ఒకేలా వినపడితే వాటిని దూరదూరంగా ఉంచాలి. దూరంగా ఉంటే, పైలట్ పొరపాటున ఒకదాని బదులు ఇంకొకదాని మీటలు నొక్కినా, విమానంలో దారి చూపే పెట్టె వందల మైళ్ళ దూరం చూపిస్తుంది. వాడు నాలిక కరుచుకుని దిద్దుకుంటాడు. పక్కపక్కనే ఉంటే పెట్టెకీ అనుమానం రాదు, మనిషికీ అనుమానం రాదు.

నెల తిరక్కుండానే దారి మార్చవలసి వచ్చి, పింకుకి ఎడమ పక్కన ఒక కొత్త చుక్క పుట్టింది. గీతలాయన రిసీవర్ ఎత్తాడు. చుట్టుపక్కల పేర్లు రెండు మూడు చదివాడు. బాబాయి కలం గరగర గోడలోంచి వినపడుతున్నట్టే ఉంది. అప్పుడు చదివాడు.

"టింకు."

అటువైపు కలం ఆగింది. పెట్టె గరగరలాడింది.

"పెద్దదా, చిన్నదా?" అన్నాడు బాబాయి.

"చిన్నది బాబాయ్."

బాబాయి నవ్వు రిసీవర్లోంచి ఒకసారి, గోడలోంచి ఒకసారి వినపడింది. ఇటువైపు గీతలాయన కూడా నవ్వాడు. బాబాయి టింకు అని తప్పు లేకుండా రాశాడు. పరీక్ష పాసయినట్టు ఇద్దరూ సంతకాలు పెట్టారు. కలానికి మూత పెట్టబోతూ గీతలాయన పటం మీద పక్కపక్కనున్న ఆ రెండు చుక్కల్నీ ఇంకోసారి చూశాడు. చిన్నదాని మొహం గుర్తు తెచ్చుకున్నాడు. మూత పెట్టేశాడు.

పై అంతస్తులో రాడార్ గదిలో ఒక అమ్మాయి ఉండేది. అందరూ కంచు అని పిలిచేవాళ్ళు. చిన్న మనిషి, పెద్ద గొంతు. పెద్దదంటే అరుపు కాదు. మాట మాటా గంట కొట్టినట్టు విడివిడిగా వచ్చేది. వాళ్ళ మేనత్తకు బాగా చెవుడు, ఇంటిల్లిపాదీ సైగలతో మాట్లాడితే ఈ పిల్ల ఒక్కతే నోటితో మాట్లాడేదట. కంచు డ్యూటీలో ఉంటే పైలట్లు కునుకు తీయవచ్చని క్యాంటీన్లో హాస్యమాడేవాళ్ళు.

దుమ్ముగాలి లేచిన ఒక సాయంత్రం, దక్షిణం నుంచి వస్తున్న విమానానికి ఆవిడ చెప్పింది, నేరుగా టింకుకి వెళ్ళమని. అవతలి పైలట్ పొద్దున్నుంచీ నాలుగు ఊళ్ళు తిరిగినవాడు. చెప్పింది తిరిగి అప్పజెప్పాలి కనుక అప్పజెప్పాడు. కానీ అతను అప్పజెప్పింది పింకు. కంచు చెవిలో పడింది టింకు. తను చెప్పింది అదే కనుక ఆమె చెవి అదే వినడానికి సిద్ధంగా ఉంది. విమానం ఎడమకి తిరగాల్సింది కుడికి తిరిగింది. కుడివైపు నుంచి ఇంకో విమానం పైకెక్కుతూ వస్తోంది.

తెర మీద చుక్క తిరగకూడని వైపు తిరగడం మొదట చూసింది కంచే. మాట తడబడకుండా ఇద్దరు పైలట్లనూ చెరో వైపు మళ్ళించింది. కిటికీ పక్కన కూర్చున్న వాళ్ళకు, పక్క విమానం తోక మీద రంగు కనిపించిందని తర్వాత చెప్పారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కాఫీ బండి ఒరిగి ఒకాయన తెల్లచొక్కా పాడయింది. ఇంకొకాయన కట్టుడు పళ్ళు మూడు వరుసల ముందు ఒకావిడ ఒళ్ళో దొరికాయని క్యాంటీన్ కథ.

ఆ కథకు గీతలాయన కూడా నవ్వబోయాడు. చెప్తున్నవాడు మధ్యలో, "ఏవో రెండు పేర్లుట, టింకూ పింకూ అని, ఏ ప్రబుద్ధుడు పెట్టాడో," అన్నాడు. గీతలాయన చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టి, టీ సగం వదిలేసి, మెట్లు దిగి వచ్చి తన బల్ల ముందు కూర్చున్నాడు. ఎదురుగా గోడకు పటం ఉంది. అందులో ఇద్దరు ఆడపిల్లలూ పక్కపక్కనే ఉన్నారు.

విచారణ మొదలైంది. అది తేలేవరకూ కంచు మైకు ముందు కూర్చోకూడదన్నారు. ఖాళీగా కూర్చోబెట్టకూడదు కనుక కింది అంతస్తులో సామాన్లగదికి పంపారు. అందులో విరిగిన కుర్చీలు, పాత హెడ్‌ఫోన్లు, కాగితపు చుట్టలు. గీతలాయన బల్లకు ఆ గది నాలుగు అడుగుల దూరం. ఒక మధ్యాహ్నం ఆయన కాగితపు చుట్ట కోసం వెళ్ళేసరికి, లోపల ఆ గొంతు వినపడింది. అట్టపెట్టెల మీద చీటీలను పైకి చదువుతోంది. చదివినదే మళ్ళీ చదువుతోంది.

"ఏం చేస్తున్నావమ్మా?"

కంచు సిగ్గుపడింది. "ఏం లేదు సార్. టేపు వినిపించారు నాకు. నలుగురున్నారు గదిలో. ఇద్దరికి నేను టింకు అన్నట్టు వినపడిందిట, ఇద్దరికి పింకు అన్నట్టు. నాకైతే ఒకసారి అలా, ఒకసారి ఇలా వినపడింది."

"పైలట్ మాటేంటి?"

"అతనిదీ అంతే. కానీ అప్పజెప్పినప్పుడు పట్టుకోవాల్సింది నేను కదా." ఆమె ఒక పెట్టె పక్కకు జరిపింది. "సార్, మీరు చెవిపరీక్షలు చేస్తారు కదా. ఒక్కసారి వినిపెట్టండి. నా 'ట' సరిగ్గా ఉందా? ఇంట్లో అడిగితే అందరూ బానే ఉందంటున్నారు, జాలిపడి."

గీతలాయనను విరిగిన కుర్చీలో కూర్చోబెట్టి ఆ అమ్మాయి ట, ప, ట, ప అంటూ నిలబడింది. తప్పు చేసిన పిల్లలా చేతులు వెనక కట్టుకుని మరీ. ఆయన వినలేదు. విన్నట్టు తల ఊపాడు.

"బాగుందమ్మా. చాలా స్పష్టంగా ఉంది."

"మీరంటే ధైర్యం సార్," అంది.

కాగితపు చుట్ట తీసుకోకుండానే వచ్చేశాడు.

విచారణకు వచ్చిన అధికారి ఒకప్పటి పైలట్. తక్కువ మాట్లాడి ఎక్కువసేపు చూసే రకం. గీతలాయన్ని పిలిచి అడిగాడు, "ఈ పేరుకి చెవిపరీక్ష చేశారా?"

"చేశాం సార్."

"పాసయిందా?"

"అయింది సార్."

రెండు జవాబుల్లోనూ అబద్ధం లేదు. సంతకాలున్నాయి. గదిలో ఓ మూల కంచు కూర్చుని ఉంది. ఆయన చెప్పింది విని తల దించుకుంది. పేరు పరీక్షలో నెగ్గిందంటే ఇక మిగిలింది తన గొంతే. అధికారి కాగితాలు సర్దుకుంటూ, రేపు నివేదిక పంపేస్తానన్నాడు. దాన్నిబట్టి ఆ అమ్మాయి మళ్ళీ ఎప్పటికీ మైకు ముందు కూర్చోదు. ఎక్కడో ఒక ఫైళ్ళ బల్ల చూపిస్తారు. ఆ సంగతి ఆ గదిలో అందరికీ తెలుసు.

రేడియో బాబాయి మెట్ల దగ్గర కాచుకుని ఉన్నాడు.

"చెప్పావా?"

"అడిగినదానికి చెప్పాను."

"మంచిపని చేశావ్. నన్నడిగినా అదే చెప్తాను. ఇంతకీ విమానం పడిందా? లేదు. ఎవడైనా పోయాడా? పళ్ళు పోయాయి, అవీ దొరికాయి."

"ఆ అమ్మాయి పోయింది కదా బాబాయ్."

"చిన్న వయసు. ఇంకో పని నేర్చుకుంటుంది."

"నువ్వు ఆ రోజు అడిగావు, పెద్దదా చిన్నదా అని. అడిగావంటే పేరు ఓడిపోయినట్టే. నేను చెత్తబుట్టలో వెయ్యాలి. నీకు జవాబిచ్చాను."

బాబాయి రెయిలింగు పట్టుకున్నాడు. ఆయన మాట్లాడినప్పుడు గొంతులో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు. "ఈ చెవులు మంచివని రిటైరైనవాణ్ణి పిలిచి కూర్చోబెట్టారురా. ఇంట్లో నన్ను పట్టించుకునేవాడు లేడు, ఇక్కడ నేను వింటే ఒక పేరు బతుకుతుంది, వినకపోతే చస్తుంది. అవి ఆ రోజు వినలేదు, నీ పిల్లల మీద ముద్దుతో ఊహించుకున్నాయి అని చెప్పమంటావా?"

"నిన్ను చెప్పమనట్లేదు."

"నువ్వు చెప్తే నేను చెప్పినట్టే కదా, వెర్రివాడా."

గీతలాయన మిగిలిన మెట్లు దిగాడు. ఇంటికి వెళ్ళాడు.

ఇంట్లో అంతా మామూలుగానే ఉంది, అదే భరించలేకపోయాడు. కుక్కర్ కూస్తోంది. భార్య వంటింట్లోంచి పిలిచింది. గదిలోంచి రెండు గొంతులు ఒక్కసారే వచ్చాయి, "పెద్దదా, చిన్నదా?" అని. గీతలాయన బాల్కనీలోకి వెళ్ళి నించున్నాడు. చాలాసేపు లోపలికి రాకపోయేసరికి భార్య చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

ఆవిడకు మొత్తం చెప్పాడు. అంతా విన్నాక అంది, "పొద్దున పిల్లదాన్ని చాక్లెట్ తిన్నావా అంటే, 'నా చేతిలో లేదుగా' అంది. దాన్ని మీరెంత తిట్టారో గుర్తుందా?"

"అది వేరు."

"వేరే. అది చాక్లెట్."

ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. చీకటి పడుతోంది. దక్షిణం వైపు నుంచి ఒక విమానం దిగుతూ వచ్చింది. అది కుడికి తిరగాలో ఎడమకి తిరగాలో ఆయనకు తెలుసు. అది సరైన వైపు తిరిగేదాకా చూశాడు. దాని వెనక ఇంకొకటి వచ్చింది.

మర్నాడు పొద్దున అధికారి గదికి వెళ్ళాల్సినవాడు సామాన్లగదికి వెళ్ళాడు. ముందు ఆ అమ్మాయికి చెప్పాలనిపించింది. లేదా, అధికారి మొహం చూసేవరకూ కొంచెం వాయిదా వేయాలనిపించింది. రెండింటిలో ఏదో ఆయనకే తేలలేదు. కంచు హెడ్‌ఫోన్ల తీగలు చుట్టి కట్టలు కడుతోంది.

"నీ గొంతులో తప్పు లేదమ్మా," అన్నాడు.

"మొన్న చెప్పారుగా సార్."

"మొన్న వినకుండా చెప్పాను." ఆయన నిలబడే చెప్పాడు. పేర్లు తన పిల్లలవని, పక్కపక్కన పెట్టింది తనేనని, పరీక్షలో బాబాయి ఏమడిగాడో, తనేం చెప్పాడో, అంతా. మెత్తగా చెప్పాలని రాత్రంతా కూర్చుకున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు.

కంచు చేతిలో తీగ అలాగే ఉంది. "ఆయన అడిగాడా?"

"అడిగాడు."

"మీరు చెప్పారు."

"చెప్పాను."

"తర్వాత?"

"తర్వాత... నవ్వాం."

"ఇద్దరూ నవ్వారా?"

"ఇద్దరం."

ఆమె ఏడుస్తుందేమోనని భయపడ్డాడు. ఏడవలేదు. తీగను జాగ్రత్తగా కట్ట కట్టి పెట్టెలో పెట్టింది. "మా మేనత్త మొన్న నన్ను, 'ఏమ్మా, నీ మాట కూడా వినపడట్లేదు నాకు' అంది. నేను నోట్లోనే మాట్లాడుతున్నానట. ఇన్నాళ్ళూ ఆవిడతో మాట్లాడిందాన్ని నేనొక్కదాన్నే." పెట్టె మూత వేసింది. "అందాకా వచ్చింది సార్ మీ నవ్వు."

గీతలాయన తల దించుకున్నాడు.

"పదండి," అంది.

"ఎక్కడికి?"

"పైకి. నాకు చెప్తే ఏం లాభం. మళ్ళీ దారిలో మీ మనసు మారితే?"

ఆమె వెనక, ఆయన ముందు. ఖైదీని తీసుకెళ్తున్నట్టే ఉంది ఆ మెట్లెక్కడం. ఎదురొచ్చిన గుమాస్తా దారి ఇచ్చి గోడకు ఆనుకున్నాడు. అధికారి నివేదికకు పిన్ను కొడుతున్నాడు. గీతలాయన చెప్పింది మొత్తం విని, పిన్ను పీకేశాడు. లేచి, కింది గదుల్లోంచి ముగ్గురు గుమాస్తాలను పిలిపించాడు. ఎవరూ గీతలాయన ఇంటి గడప తొక్కినవాళ్ళు కాదు. గరగర పెట్టె తెప్పించి, ఆ రెండు పేర్లూ అటూ ఇటూ మార్చి తనే చదివాడు. ముగ్గురూ రాసింది చూశాడు. ఒక్కడు కూడా మొత్తం సరిగ్గా రాయలేదు. ఒకడైతే పేరు బదులు పెద్ద సున్నా చుట్టి, అడగకూడదన్నారు కదా సార్ అన్నాడు.

"అప్పజెప్పినప్పుడు పట్టుకోలేదన్నది ఉంటుంది," అని అధికారి కంచుతో అన్నాడు. "కానీ దాన్ని ఎవరూ పట్టుకోలేరని కూడా రాస్తాను. రేపట్నుంచి పైన కూర్చో." గీతలాయన వైపు తిరిగి, "నిన్న ఎందుకు చెప్పలేదు?" అన్నాడు.

"నిన్న భయం ఎక్కువుంది సార్."

"ఇవాళ?"

"ఇవాళా ఉంది."

ఆయన నివేదిక ముందుకు లాక్కున్నాడు. నియమం ప్రకారం రెండు పేర్లలో ఒకటి తీసేస్తే చాలు. ఏది తీయాలో మీ విభాగమే తేల్చుకోండి అన్నారు. గీతలాయన రెండూ తీసేశాడు. ఆకాశం నుంచి పిల్లల్ని దింపడం పది నిమిషాల పని. ఇంటికెళ్ళి వాళ్ళతో చెప్పడమే పెద్ద పనైంది.

పెద్దది మొహం తిప్పుకుని పాలవాడికి ఏం చెప్పాలో అని బెంగపెట్టుకుంది. చిన్నది మాత్రం ఆలోచించి అడిగింది. "నా పేరు వల్లే విమానం పడబోయిందా?"

"నీ పేరు వల్ల కాదమ్మా. నేను పెట్టిన చోటు వల్ల."

"నేనే కదా అక్క పక్కన పెట్టమన్నాను."

"నువ్వు అడుగుతావు. నేను పెట్టకూడదు. నా పని అది."

చిన్నది నమ్మినట్టే తల ఊపింది. ఆ రాత్రి నిద్రలో రెండుసార్లు ఉలిక్కిపడింది. తల్లి లేచి వెళ్ళబోతే గీతలాయనే వెళ్ళి పక్కన పడుకున్నాడు. ఆయనకు మాత్రం నిద్ర పట్టలేదు.

పేర్లు పెట్టే పని ఆయన చేతిలోంచి తీసేశారు. ఇప్పుడు అచ్చయిన పటాలను చుట్టి, గొట్టాల్లో పెట్టి, చిరునామాలు రాసి పంపుతాడు. రేడియో బాబాయి తనంతట తనే రావడం మానేశాడు. చూడ్డానికి వెళ్తే కుర్చీ చూపించాడు, టీ ఇప్పించాడు, వాతావరణం గురించి మాట్లాడాడు. ఒరేయ్ అని మాత్రం ఒక్కసారి కూడా అనలేదు. అంత మర్యాద ఆ ఇంట్లో గీతలాయనకు ఎప్పుడూ జరగలేదు. గేటు దాకా వచ్చి, "వెళ్ళిరండి," అన్నాడు. ఆ 'రండి' దారంతా గుచ్చుకుంది.

కంచు మైకు ముందుకు వెళ్ళింది. మొదటి రోజు మాట ఇంకా లోపలికే పోతోందని, పక్కన కూర్చున్న పెద్దాయన, "పైకి, ఇంకా పైకి," అని సైగ చేస్తూ ఉన్నాడని, నాలుగో రోజుకి గంట మళ్ళీ మోగిందని గీతలాయన ఇతరుల నోట విన్నాడు. ఆమె ఎదురైతే పక్కకు తప్పుకుని దారి ఇచ్చేవాడు. ఆమె అటు చూడకుండా వెళ్ళేది. ఆమె వచ్చి థాంక్స్ చెప్తుందేమో, చెప్తే ఏం చెయ్యాలి అని మొదట్లో హడలిపోయాడు. చెప్పకపోవడం చూసి, ఎందుకో, కొంత స్థిమితపడ్డాడు.

ఒక మధ్యాహ్నం క్యాంటీన్ కిక్కిరిసి ఉంది. గీతలాయన ఎదురు కుర్చీ ఒక్కటే ఖాళీ. కంచు పళ్ళెం పట్టుకుని గది నాలుగు మూలలా చూసి, ఇంకోసారి చూసి, వచ్చి కూర్చుంది. ఆయన లేవబోయాడు.

"కూర్చోండి. సగంలో లేస్తే బాగుండదు."

కూర్చున్నాడు. ఇద్దరూ తల ఎత్తకుండా తిన్నారు. పక్క బల్ల మీద ఎవరో జోకు వేశారు, అందరూ నవ్వారు. వీళ్ళిద్దరూ నవ్వలేదు.

"మీ మేనత్తగారు ఎలా ఉన్నారు?" అన్నాడు చివరికి.

"నిన్న నన్ను, నెమ్మదిగా మాట్లాడు, చెవులు పగిలిపోతున్నాయి అంది."

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి కనపడకుండా పళ్ళెం మీదికి వంగాడు.

"అలా చెయ్యకండి," అంది కంచు. "నాకు మీ మీద కోపం పోలేదు. ఎప్పటికి పోతుందో కూడా తెలీదు."

"పోనక్కర్లేదమ్మా."

"మీ పర్మిషన్ అడగలేదు." ఆమె ఒక ముద్ద తిని, మొహం చిట్లించి, బల్ల మీద వెతికింది. "ఆ ఉప్పు ఇటివ్వండి."

గీతలాయన ఉప్పు సీసా రెండు చేతులతో తీసి ఇచ్చాడు.